పడవను లాగిన బండి

"ఈ రెండు పికప్పుల్లో పడవను లాగిందే నా దగ్గరుంటుంది," అన్నాడు వాళ్లను కువైట్‌కు రప్పించుకున్న యజమాని కఫీల్, అక్కడి మంగఫ్ తీరంలో నిలబడి.

ఓడిన బండితోపాటు దాని డ్రైవరూ ఇంటికే అనుకున్నారు వాటిని నడిపే రాజం, నర్సింగ్.

రాజం బండి తడి ర్యాంపు మీద జారి ఆగిపోయింది. నర్సింగ్ బండి పడవను ఒక్క ఊపున ఒడ్డుకు లాగేసింది.

"నసీబు అన్నా, ఏంజేస్తం," అన్నాడు నర్సింగ్, రాజం మొహం చూడకుండా.

కఫీల్ నర్సింగ్ చేతిలోని తాళం తీసుకున్నాడు. "ఇంత బలమైన బండిని నేనే నడుపుకుంటా. నీకిక్కడ పని ఖలాస్. రెండోది మా అబ్బాయికి. వాడికి లైసెన్సు లేదు, రాజమే నడపాలి."

చక్రాలు జారకుండా పొద్దున తన బండిలో దొంగచాటుగా వేసుకున్న ఇసుక బస్తాలను నర్సింగ్ టార్పాలిన్ కింది నుంచి దించసాగాడు.

రాజం వచ్చి బస్తా ఓ కొస పట్టుకున్నాడు. "నాకు జెప్పక మంచి పని జేసినవ్ తమ్మీ."