కోడి కెలికిన కుప్ప

దొడ్లో ఎండుపుల్లల కుప్ప కింద ఒక నాగుపాము ఉండేది. అది అక్కడుందని అందరికీ తెలుసు కాబట్టి అటు ఎవరూ పోయేవారు కాదు. కోడికి మాత్రం కాలు నిలిచేది కాదు. పిల్లల్ని వెంటేసుకుని రోజంతా అరుస్తూ తిరిగేది.

"కాస్త కుదురుగా ఉండు వదినా! మనం దాని జోలికి పోకపోతే అది మన జోలికి రాదు," అంది మేక.

"నీకేమమ్మా, కొమ్ములున్నదానివి! పిల్లలున్నది నాకు," అంది కోడి.

భయానికి ఓర్పు లేకపోతే అది మంచిచెడ్డలు చూడదు. ఒక పొద్దున కోడి కుప్ప మీదికెక్కి, కాళ్లతో కెలికి, పుల్లలన్నీ చెల్లాచెదురు చేసింది.

పాము బుస్సుమంది. "నాకు ఎలుకలు చాలు. నీ పిల్లల వంక ఎప్పుడైనా చూశానా? ఉన్న నీడ కాస్తా తీసేశావు," అంటూ జరజరా పాకిపోయింది.

కోడి రెక్కలు టపటపలాడించింది. "చూశావా, తరిమేశాను!"

"ఎటు పోయింది?" అంది మేక.

కోడి గడ్డివాము వైపు చూసింది. కుడితి తొట్టి వైపు చూసింది. పిల్లలు పడుకునే గంప వైపు చూసింది.

పొద్దు వాలింది. పిల్లలు నిద్రకు ఏడుస్తున్నాయి. గంపలోకి పొమ్మనడానికి తల్లికి నోరు రాలేదు.