చేసినవాళ్లకే రాని తాళం

“ఇంకోసారి చెప్పండి మేడం. మెల్లగా చెప్పండి, మావాడు రాసుకుంటాడు,” అన్నాడు దర్యాప్తు అధికారి.

బల్లమీద సీలు వేసిన ప్లాస్టిక్ సంచీలో ఒక ఫోను. అవతలి కుర్చీలో ఆ ఫోనుకు తాళం తయారుచేసిన ఇంజనీరమ్మ. అరవైకి దగ్గరపడిన మనిషి. కంపెనీలో అందరికీ ఆమె తాళాలత్తయ్య. అధికారి పక్కన డిపార్టుమెంటు ల్యాబు నుంచి వచ్చిన బట్టతల మనిషి. ఎంతటి ఫోనునైనా విప్పేస్తానని బడాయి పోతాడు కనుక అతనికి స్క్రూడ్రైవర్ అని పేరు పడిపోయింది.

“ఎన్నిసార్లు చెప్పినా అదే సార్. దీన్ని మేం తీయలేం,” అంది తాళాలత్తయ్య.

ఫోను ఒక విలేఖరిది. లాకప్పులో పోయిన కూలీవాడు గుండె ఆగి పోలేదు, దెబ్బలకే పోయాడని డాక్టరు రాసిన కాగితాన్ని ఆమె పత్రికలో అచ్చు వేయించింది. ఆ కాగితం డిపార్టుమెంటు బీరువాలోనే ఉండాలి. దాన్ని బయటికిచ్చిన ఇంటిదొంగ ఎవడో తెలిసేది ఆ ఫోనులోనే. మూడు రోజులుగా విలేఖరి నోరు విప్పలేదు. అధికారి ఎదురుగా కూచుని గంటల తరబడి అడిగాడు. ఆమె అతన్ని గోడను చూసినట్టు చూసింది. స్క్రూడ్రైవర్ ఆమె పుట్టినరోజు, ఆమె పిల్లల పుట్టినరోజులు నొక్కి ఐదు తప్పులు చేశాడు. పదో తప్పుకు లోపలున్నదంతా తనంతట తానే చెరిగిపోతుంది. అందుకే కోర్టు కాగితం పట్టుకుని కంపెనీ మెట్లెక్కారు. సాయంత్రంలోగా ఆ పేరు తన బల్లమీద ఉండాలని, లేకపోతే నీ ఒంటిమీద యూనిఫాం ఉండదని డిపార్టుమెంటు పెద్దాయన అధికారికి చెప్పి పంపాడు.

ఇల్లు కట్టిన మేస్త్రీకి తలుపు తీయడం రాదంటే ఎవడు నమ్ముతాడు? స్క్రూడ్రైవర్ నమ్మలేదు. దొంగదారి ఒకటి పెట్టుకునే ఉంటారని ముఖంమీదే అనేశాడు.

తాళాలత్తయ్యకు కోపం రాలేదు. తాళంచెవి తమ దగ్గర లేదంది. మనిషి నొక్కే నంబరూ, చిప్పులో పుట్టుకతోనే ఉన్న ఒక పెద్ద సంఖ్యా కలిస్తే ఆ క్షణాన తాళంచెవి పుడుతుంది, ఫోను మూయగానే చస్తుంది. పోయినేడు కంపెనీ యజమానే తన నంబరు మరిచిపోయాడట. చనిపోయిన తల్లి గొంతు అందులో ఉండిపోయింది. ఇదే గదిలో కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. చివరికి ముక్కు తుడుచుకుని, మంచి తాళమే చేశారమ్మా అని లేచి వెళ్లిపోయాడట.

అధికారి సంచీలోని ఫోను వంక చూశాడు. అరచేతిలో ఇమిడే గాజుబిళ్ల. లాఠీకి లొంగదు, కోర్టు కాగితానికి లొంగదు, డబ్బు పెట్టి చేయించిన యజమాని కన్నీళ్లకూ లొంగలేదు. ఇరవయ్యేళ్ల సర్వీసులో అతను చూసిన ప్రతి తలుపూ ఏదో ఒక తన్నుకు తెరుచుకున్నదే. ఇలాంటిదొకటి భూమ్మీద ఉందని అతనికి ఈరోజే తెలిసింది.

స్క్రూడ్రైవర్ మాత్రం ఉడుంపట్టు వదల్లేదు. “పది తప్పుల లెక్క తీసేసే కొత్త ప్రోగ్రాం రాసి దీనికి ఎక్కించొచ్చుగా? అప్పుడు నంబర్లన్నీ నేనే నొక్కుకుంటా.”

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. “రాయొచ్చు,” అంది.

అధికారి ఎదురుగా ఉన్న నీళ్ల గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు.

“కానీ మా సంతకం లేని ప్రోగ్రాన్ని ఫోను లోపలికి రానివ్వదు. ఆ సంతకానికి ఐదు కార్డులు, ఐదుగురి దగ్గర. ముగ్గురు ఒక గదిలో చేరి కార్డులు పెడితేనే పడుతుంది. పొద్దున కూచున్నాం. ఇద్దరు పెడతామన్నారు. ముగ్గురం పెట్టమన్నాం.”

“ఆ ముగ్గురిలో ఒకరు రేపు మనసు మార్చుకుంటే?” అధికారి ముందుకు వంగాడు.

“మార్చుకోరు.”

“మీరే మార్చుకుంటే? కోర్టు మిమ్మల్ని జైల్లో వేస్తే?”

“వేయనివ్వండి. మా ఆయనకు అన్నం వండడం నేర్పించే వచ్చాను.”

స్క్రూడ్రైవర్ నవ్వబోయి మానేశాడు. రేపు పసిపిల్లను ఎత్తుకుపోయినవాడి ఫోను తెస్తే అప్పుడూ ఇదే పాటా అని అడిగాడు. ఆమె ముఖం నల్లబడింది.

“ఆ రోజు నాకు ముద్ద దిగదు బాబూ. నాకూ మనవరాలుంది. కానీ తాళంచెవికి మంచీ చెడ్డా తెలీవు. ఒకసారి చేశామా, ఎవడి చేతిలో ఉంటే వాడి మాటే వింటుంది. చచ్చిన కూలీవాణ్ణి అడుగు, అది ఎవరి చేతిలో ఉంటుందో చెప్తాడు.”

జీతానికి పనిచేసే మనిషి, కళ్లజోడు పెట్టుకున్న అమ్మమ్మ, ప్రభుత్వం మొత్తానికి అడ్డంగా కుర్చీ వేసుకు కూచుంది. అధికారి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

“అయితే ఇది ఎప్పటికీ తెరుచుకోదంటారు. ఆ మాటే కాగితంమీద రాసి సంతకం పెట్టి ఇస్తారా?”

పెట్టింది.

మెట్లమీద నిలబడి అధికారి పెద్దాయనకు ఫోను చేశాడు. అవతలి తిట్లు స్క్రూడ్రైవర్‌కూ వినిపించాయి. అన్నిటికీ చిత్తం సార్, చిత్తం సార్ అని పెట్టేశాడు. మరుక్షణం మెట్టుమీద చతికిలబడ్డాడు.

స్క్రూడ్రైవర్‌కు జాలేసింది. పక్కనే కూచుని భుజంమీద చెయ్యి వేశాడు. “పోనీలెండి సార్. మీరు చెయ్యాల్సిందంతా చేశారు. ఆ ఇంటిదొంగ అదృష్టం బాగుంది, అంతే.”

అధికారి తలూపాడు.

ఆ డాక్టరు కాగితం విలేఖరికి ఇచ్చింది అతనే.