పొగ డబ్బా

"ఆ డబ్బా మీద చెయ్యి వేశావంటే ఊరుకోను!" అంటూ తండ్రి చేతిలో పేపరుతోనే కుర్చీలోంచి లేచాడు.

కూతురు వరండాలో ఆయన పాత బైకు పక్కన చతికిలబడి అప్పటికే సీటు విప్పేసింది. "పొగని శుభ్రం చేసే డబ్బాయే కదా నాన్నా. తీసేస్తే పికప్ వస్తుందట."

"వీధిలో వాళ్ళందరి ముక్కుల్లోకీ నీ పొగే పోవాలా? కంపెనీవాళ్ళు పనీపాటా లేక పెట్టారా? నేను నడిపినన్నాళ్ళూ ఒక్క నట్టు కదపలేదు, తెలుసా?"

కూతురు రబ్బరు గొట్టం పట్టుకుని లాగింది. దాని చివర డబ్బా లేదు. గొట్టం మూతికి ఒక పెన్ను క్యాపు బిగించి ఉంది.

"ఎవడో మెకానిక్ వెధవ..." అంటూ తండ్రి మళ్ళీ పేపరు చాటుకు వెళ్ళిపోయాడు.

టీ తెచ్చిన తల్లి గ్లాసు కింద పెట్టి, క్యాపుని బొటనవేలితో రుద్దింది. మసి కింద ఆమె పేరు బయటపడింది.

"మన పెళ్ళికి నా పేరు చెక్కించి మీకిచ్చిన పెన్ను ఇది. మా తమ్ముడు కొట్టేశాడన్నారు కదండీ?"

పేపరు ఇంకాస్త పైకి లేచింది.

"వాడు ఒట్టేసినా నమ్మలేదు నేను. ఇంటి గడప తొక్కొద్దన్నాను."

"అప్పట్లో... పికప్ కోసం..." అని పేపరు వెనక నుంచి గొణుగుడు వినిపించింది.

కూతురు నవ్వాపుకుంటూ అడిగింది. "మరి ఇప్పుడేం చెయ్యనమ్మా? కొత్త డబ్బా పెట్టించనా?"

"రేపు పెట్టిద్దువుగాని. ముందు సీటు బిగించు, మీ మామయ్య ఇంటికెళ్ళాలి." తల్లి క్యాపుని ఊడలాగి గుప్పిట్లో పట్టుకుంది. "మనిద్దరం బండి మీద పోదాం. మీ నాన్న ఆ పొగ వెనకాలే నడిచొస్తారు."