ఆరు నెలల సుడోకులు

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేముందు నాన్నకు గోళ్లు తీయాలి, గడ్డం గీయాలి, పాత రిపోర్టులు వెతకాలి, పేపర్లో ఆయన పూర్తిచేసిన సుడోకులు పోగుచేయాలి. కూతురు అన్నీ చేసింది.

“మతిమరుపంటారు గానీ, రోజుకొకటి ఒక్క తప్పూ లేకుండా చేస్తారండీ,” అంటూ ఆరు నెలల పేపరు ముక్కలు డాక్టరమ్మ బల్లమీద పెట్టింది.

డాక్టరమ్మ కొత్త సుడోకు, పెన్సిలు నాన్న ముందుకు జరిపింది. ముప్ఫయ్యేళ్లు దర్జీగా కొలతలు రాసిన చెయ్యి, ఒకే వరుసలో మూడు ఏడులు వేసి ఆగిపోయింది.

“అక్కడ నాలుగండీ,” వెనకనుంచి అమ్మ గొణిగింది.

కూతురు గిర్రున తిరిగింది. “అమ్మా, నీకు చదువే రాదుగా!”

“అక్షరాలు రావు. టేపు మీది అంకెలు మీ నాన్నే నేర్పారు. ఈ గళ్లూ ఆయనే నేర్పారు. ఆయన మర్చిపోయాక నేను నింపాను. సాయంత్రం నువ్వొచ్చి ‘బుర్రంటే మా నాన్నదే’ అంటే ఆయన మొహం వెలిగిపోయేది తల్లీ.”

“అప్పుడే తీసుకొచ్చుంటే మందులతో కొన్నాళ్లు నిలబెట్టేవాళ్లం,” అంది డాక్టరమ్మ.

అమ్మ తల దించుకుంది. నాన్న పెన్సిలు ఆమె చేతిలో పెట్టాడు.

“నువ్వే చెయ్యి. రోజూ చేసేది నువ్వేగా.”

పేపర్లో ఆ గళ్లు నింపేటప్పుడు, ఆఖరి అంకె వేసేముందు, ఆ అమ్మను ఒక్కసారి తలుచుకోండి.