తేటనీళ్లూ, కండక్టరు మీసమూ

"పన్నెండు కొట్టేలోగా ఒక్క చేప! పట్టలేదంటే ఈ మీసం నీది. తీసుకెళ్లి నీ సెలూన్లో ఫ్రేము కట్టించుకో!" అని చెరువు గట్టు మీద తొడ కొట్టాడు బస్సు కండక్టరు.

"మరి పడితే?" అన్నాడు సెలూను నడిపే బావమరిది.

"పడితే ఏడాది పాటు రోజూ తెల్లారి ఐదింటికల్లా, నేను డ్యూటీ ఎక్కకముందే మా ఇంటికొచ్చి దీనికి నూనె పట్టించి, దువ్వి, కొసలు మెలితిప్పి వెళ్లాలి."

ఎనిమిది దాటితే గానీ బావమరిది సెలూను షట్టరు లేవదు. పైగా అది అలాంటిలాంటి మీసం కాదు. దాన్ని చూసి టికెట్టు కొననివాళ్లు రెండు స్టాపుల ముందే దిగిపోతారు. వారం వారం దాని కొసలు సమానంగా కత్తిరించలేకే ఆయన ప్రాణం విసిగిపోయింది. అయినా సరేనన్నాడు. చెరువును చూసి వచ్చిన ధైర్యం అది.

మూడు వారాలుగా చినుకు లేదు. మట్టంతా అడుక్కి దిగి, నీళ్లు తేటగా ఉన్నాయి. గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. చేపలూ కనిపిస్తున్నాయి. చిక్కల్లా ఏమిటంటే, వాటికి గట్టు కూడా అంత బాగానే కనిపిస్తోంది.

కండక్టరు గాలం వేశాడు. ఒక చేప వానపాము దాకా వచ్చింది. దారాన్ని చూసింది. తలెత్తి పైకి చూసింది. చప్పున వెళ్లి ఇంకో నాలుగింటిని వెంటబెట్టుకొచ్చింది. అవి కూడా పైకి చూసి, వచ్చిన దారినే పోయాయి.

"ఏంట్రా ఇవి, ఎగ్జిబిషన్‌కి వచ్చినట్టు చూసి పోతున్నాయి?"

"నువ్వు వాటిని చూస్తున్నట్టే అవీ నిన్ను చూస్తున్నాయి బావా. నీళ్లు అలా ఉన్నాయి మరి," అంటూ బావమరిది వెంట తెచ్చుకున్న క్షవరం పెట్టె తెరిచి, తీరిగ్గా కత్తి నూరడం మొదలుపెట్టాడు.

"అయితే బురద చేస్తే సరి!"

కండక్టరు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగి, దబదబా తొక్కాడు. నీళ్లు టీ రంగుకొచ్చాయి. గాలం వేసి అరగంట కూర్చున్నాడు. ఆ మురికిలో ఎర ఎక్కడుందో ఒక్క చేపకీ తెలియలేదు. చివరికి గాలం దారానికి కట్టిన బెండు మునిగింది. ఆత్రంగా లాగితే వచ్చింది, ఇందాక తొక్కినప్పుడు ఊడిపోయిన ఆయన చెప్పే.

"తేటగా ఉంటే నన్ను చూస్తాయి, బురదైతే ఎరను చూడవు! వీటితో ఎలా చచ్చేదిరా?"

"ఇంకా గంటన్నర ఉంది. అంతవరకూ బతుకు బావా."

బురద మెల్లగా అడుక్కి దిగింది. నీళ్లు మళ్లీ తేటపడ్డాయి. కండక్టరు ఈసారి ముఖానికి తువ్వాలు చుట్టుకుని గట్టు మీద బోర్లా పడుకున్నాడు. తువ్వాలు చాలక మీసం కొసలు రెండు పక్కలా బయటికొచ్చాయి. చేపలు సగం దూరం నుంచే వెనక్కి మళ్లాయి. కండక్టరుకు నిజంగానే ఏడుపొచ్చింది.

బావమరిది ఆనందం పట్టలేక, కత్తి పెట్టెలో పడేసి, అక్కకు ఫోన్ చేద్దామని అవతలికి వెళ్లాడు.

"అక్కా, ఇంకో అరగంటలో బావని నున్నగా చేసి పంపిస్తున్నా!"

"ముందు ఫోటో పెట్టరా. గుర్తుపట్టకుండా తలుపేసేస్తానేమో!"

తిరిగొచ్చేసరికి కండక్టరు తువ్వాలును కళ్ల కింది నుంచి మెడ దాకా బిగించి చుట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉన్నాడు. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా బెండు బుడుంగున మునిగింది. కండక్టరు లాగాడు. జానెడు చేప గట్టు మీద పడి ఎగిరింది. దాంతోపాటు ఆయనా ఎగిరాడు.

ఏడాది పాటు పోబోయే నిద్రంతా బావమరిది కళ్ల ముందు తిరిగింది. కానీ మాటంటే మాటే.

"ఓడిపోయాను బావా. రేపు ఐదింటికి వస్తాలే. ఏ నూనె తెమ్మంటావు? ఆముదమా, కొబ్బరా?"

కండక్టరు తువ్వాలు విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు.

"నీ కత్తి భలే పదునురా బామ్మర్దీ! నూనంటావా... ముందు మొలిపించేది ఏదైనా ఉంటే పట్రా!"