రేపు మెడికల్

మిట్ట మధ్యాహ్నం ఎండలో నాగేంద్రను కొండ కింద చెరువు గట్టు దగ్గర దింపి, రాకేష్ బండి వెనక్కి తిప్పాడు.

"పైదాకా ఎక్కు నాన్నా. మధ్యలో కూర్చోకు. కూర్చుంటే లాభం లేదు."

"సరేరా."

కన్నకొడుకు ఈ మాత్రం పట్టించుకుంటే ఏ తండ్రికి కాళ్లు లాగుతాయి? తండ్రికి డ్యూటీ లేని ప్రతి రోజూ బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ దాటించి ఈ కొండల దగ్గరికి తీసుకొస్తున్నాడు. పరీక్షలు రాసి రాసి, ఏ ఉద్యోగమూ రాక, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నవాడు. తండ్రి కోసమైనా గడప దాటుతున్నాడు, పాపం.

నాగేంద్ర బొగ్గు గూడ్స్ రైలు నడుపుతాడు. కిందటేడు రైల్వే మెడికల్ పరీక్షలో డాక్టర్ పెదవి విరిచాడు. బీపీ, గుండె రెండూ అంచున ఉన్నాయి, వచ్చే ఏడు కష్టమే అన్నాడు. ఆ రోజు నుంచి నాగేంద్రకు అన్నం సహించలేదు. ఇంజన్ మీంచి దింపేశాక తను బతికున్నా ఒకటే, లేకున్నా ఒకటే అనుకునే రకం మరి.

రేపే మళ్లీ మెడికల్.

ఇల్లంతా దాని మీదే ధ్యాస పెట్టుకుంది. కొండ ఎక్కించడం రాకేష్ ఆలోచన. ఫోన్లో చూసి చెప్పాడు. తిండి సంగతి భార్య కనకం చూసుకుంది. ఎక్కే మనిషికి ఒంట్లో ఉప్పూ కారం ఉండాలని ఆవకాయ, ఎండుచేపలు కొసరి కొసరి వడ్డించింది. బీపీ మాత్రలు మాన్పించిందీ ఆవిడే.

"నడిచేవోళ్లకి మాత్రలేటండీ? అలవాటైతే జన్మంతా మింగాల" అంది.

నిజమే కదా అనుకున్నాడు.

గట్టు మీద గాలం వేసుకుని అప్పారావు కూర్చునున్నాడు. రిటైరైన రైలు గార్డు, పాత స్నేహితుడు.

"ఏటి నాగేంద్రా, ఈ ఎండలో ఏటీ ఎక్కడం? చల్లబడ్డాక ఎక్కకూడదా?"

"ఎండలో ఎక్కితేనే గుండె గట్టిపడతాదంట. మావోడు చెప్పాడు."

"అచ్ఛా. అదృష్టవంతుడివిరా. మా ఇంట్లో నేను బతికున్నానో లేదో అడిగే నాథుడు లేడు."

నాగేంద్ర మురిసిపోతూ ముందుకు నడిచాడు.

మొదట్లో సగం కొండకే ఛాతీ పట్టుకుని కూలబడేవాడు. ఒకసారైతే కళ్లు బైర్లు కమ్మి, ఇక ఇంటికి చేరననుకున్నాడు. అయినా మానలేదు. ఇవాళ మొదటి కొండ ఎప్పుడు దాటాడో కూడా తెలియలేదు. చెమట కారుతూనే ఉంది, కాళ్లు నడుస్తూనే ఉన్నాయి.

రెండో కొండ మీద పురుగు కూడా లేదు. హారన్ లేదు, వాకీటాకీ గోల లేదు. కింద చెరువు కడిగిన కంచంలా మెరుస్తోంది. నాగేంద్ర మణికట్టు పట్టుకుని చూసుకున్నాడు. నాడి నింపాదిగా కొట్టుకుంటోంది. ఛాతీలో ఎక్కడా నొప్పి లేదు. ఒక్కడే నిలబడి పిచ్చివాడిలా నవ్వుకున్నాడు.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"కనకం, రెండు కొండలూ ఎక్కేసేనే. నొప్పి లేదు, ఆయాసం లేదు. రేపు డాక్టరు కళ్లు మూసుకుని ఫిట్ అని రాసేస్తాడు."

అవతల గరిటె చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"ఇంటన్నావా?"

"ఆఁ... మంచిదండీ" అంది కనకం. ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

సంతోషం పట్టలేకపోతోందనుకున్నాడు నాగేంద్ర. అతనికీ కళ్లు చెమర్చాయి. ఈ మనుషుల రుణం ఎలా తీర్చుకోవాలో తోచలేదు.

ఆవిడకి ఫోన్ కట్ చెయ్యడం ఎప్పుడూ గుర్తుండదు. తనే కట్ చెయ్యబోతుంటే, అవతల ఇంటికి చేరిన కొడుకు గొంతు వినిపించింది.

"ఇంత చేసినా ఏటీ అవ్వలేదేటమ్మా, అన్‌ఫిట్ అని రాస్తేనే కదా నాన్న ఉద్యోగం నాకొచ్చేది!"