రఫూ చేసిన కోటు

బస్సు కదలగానే ఆవిడ కోటు విప్పి ఒళ్ళో వేసుకుని, సూదిలోకి దారం ఎక్కించింది.

ముదురాకుపచ్చ ఉన్ని కోటు. నలభై ఏళ్ళ కిందట వాళ్ళమ్మ కుట్టించుకున్నది. తొమ్మిదేళ్ళు మూటలో పడి ఉంటే పురుగు ఊరుకుంటుందా? మెడపట్టీ కింద రెండు చిల్లులు, కుడి మోచేతి దగ్గర ఒకటి. బస్టాండులో కొన్న దారం రంగు కలవలేదు. దాన్ని పక్కన పెట్టి, కోటు లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగింది. నిలువు పోగులు పరుచుకుని, అడ్డపోగు ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి దూర్చుకుంటూ పోయింది. ఊరొచ్చేసరికి చిల్లు ఎక్కడుండేదో తనే వెతుక్కోవాల్సి వచ్చింది.

పక్క సీట్లో అమ్మాయి అప్పటిదాకా కళ్ళప్పగించి చూస్తూనే ఉంది.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"అమ్మ దగ్గర. ఆ తర్వాత రోజుకి ఎనిమిది గంటలు ఇదే పని. వందమంది ఆడవాళ్ళం, ఒకే హాల్లో."

"ఇలాంటి పాతవంటే ఇప్పుడు జనం పడి చస్తున్నారు, తెలుసా?"

ఆవిడ నవ్వింది. ఆ సంగతి చెల్లెలు ఎప్పుడో ఉత్తరంలో రాసింది. 'నువ్వు రాగానే పాత బట్టలు బాగుచేసి అమ్మే కొట్టు పెడదాం అక్కా. చెయ్యి నీది, నోరు నాది.'

చెల్లెలి చదువు మధ్యలో ఆగిపోకూడదనే అక్క ఇల్లు విడిచి వెళ్ళింది. మొదట్లో నెలకో ఉత్తరం వచ్చేది. తర్వాత ఆర్నెల్లకొకటి. ఆనక అదీ లేదు. చిన్నపిల్ల, ఒక్కత్తీ ఎన్నని చూసుకుంటుంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

కోటు భుజాల మీద వేసుకుని, ఆఖరి కవరు మీది చిరునామా పట్టుకుని వెతికితే ఇల్లు కాదు, కొట్టు కనిపించింది. అద్దాల తలుపు. లోపల వరసగా వేలాడుతున్న పాత కోట్లు, గౌన్లు. గోడకి ఫ్రేము కట్టిన పేపరు ముక్క, అందులో చెల్లెలి ఫొటో. కింద చెల్లెలి మాటలు: 'నేను ఒక్కగానొక్క కూతుర్ని. అమ్మ పోయాక ఈ రఫూ పనే నాకు తోడు.'

ఆవిడ రెండుసార్లు చదువుకుంది. అమ్మ పోయేనాటికి చెల్లెలికి సూదిలోకి దారం ఎక్కించడం కూడా రాదు. అక్కే వేళ్ళు పట్టుకుని నేర్పింది.

కౌంటరు దగ్గరున్న చెల్లెలు తలెత్తి ముందు కోటుని చూసింది. తర్వాత మనిషిని చూసింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"చెప్పండి మేడమ్," అంది.

ఇంకెవరితోనో అందేమోనని అక్క వెనక్కి తిరిగి చూసింది.

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని తెర వెనక్కి లాక్కెళ్ళింది. "చెప్పాపెట్టకుండా ఇలా వచ్చేస్తే ఎలా?" అంది గొంతు తగ్గించి.

"చెప్పాను. పదకొండు ఉత్తరాలు రాశాను."

"అందాయి." చెల్లెలు తల దించుకుంది. "మా ఆయనకి నువ్వున్నావనే తెలీదు. ఏమని చెప్పను? నన్నూ కాస్త అర్థం చేసుకో అక్కా."

"నీకు పెళ్ళయిందా?"

చెల్లెలు జవాబు చెప్పేలోగానే ఒకతను తెర పక్కకి జరిపాడు. మెళ్ళో టేపు, చేతిలో చిన్న పుస్తకం. "ఎవరొచ్చారు?" అన్నాడు నవ్వుతూ.

"ఏం లేదండీ. ఈవిడ కోటు అమ్ముతారట." చెల్లెలే అక్క భుజాల మీంచి కోటు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

అతను దాన్ని దీపం కింద పరిచి మెడపట్టీ తడిమాడు, మోచేతులు తిరగేశాడు. ఎక్కడా వేలు ఆగలేదు.

"చిల్లన్నది లేదు. ఇంత పాతది ఇంత కొత్తగా ఉందేమిటండీ?" పుస్తకం తెరిచాడు. "కొనేవాళ్ళు అడుగుతారు, అందుకని. మీరు ఎన్నిసార్లు వేసుకుని ఉంటారు?"

అక్క చెల్లెలి వైపు చూసింది. ఇప్పటికైనా ఆ నోట అతని ముందు ఒక్కసారి 'అక్కా' అని వస్తే, మాట్లాడకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయేది.

చెల్లెలు బల్ల మీద లేని దుమ్ము తుడుస్తోంది.

"రెండేసార్లు," అంది అక్క, చెల్లెలి మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు కారుతో గుద్ది చంపిన మనిషిని నేనే గుద్దానని పోలీసు స్టేషన్‌కి వెళ్ళి చెప్పిన రోజు ఒకసారి, జైలు గేటు దగ్గర నా మూట నాకిచ్చి పంపేసిన ఈ పొద్దున ఒకసారి."